మీరు పేరు అడిగిన మొక్క ఎర్ర యుక్కా కాదు, పాలిడా యుక్కా అనుకుంటున్నాను

మీరు చెప్పిన గుర్తులు చూస్తే (డల్లాస్ ఉత్తరాన సున్నపురాయి నేల, అడుగు పొడవున్న నీలి బూడిదరంగు ఆకులు, పసుపు అంచు, మే నెలలో పొడవాటి కాడకు వేలాడే తెల్లని గంటల్లాంటి పూలు) అది యుక్కా పాలిడా అండీ. ఉత్తర, మధ్య టెక్సస్ నల్లరేగడి ప్రాంతపు సొంత మొక్క. మన కిత్తనారకి చుట్టమే.

మీ పొరుగాయన చెప్పిన ఎర్ర యుక్కా అసలు యుక్కానే కాదు. దాని పూలు పగడపు ఎరుపులో, గొట్టాల్లా ఉంటాయి. సన్నటి ఆకుల అంచున తెల్లటి దారాలు వేలాడతాయి.

ఇంకా అనుమానముంటే ఆకు అంచు మీద మెల్లగా వేలు జరిపి చూడండి, కొన ముల్లు మాత్రం జాగ్రత్త. పాలిడాకి సన్నటి రంపపు పళ్లు తగులుతాయి, దారాలు ఉండవు. వంకర తిరిగిన తెల్లదారాలు కనిపిస్తే అది అర్కన్సాస్ యుక్కా కావచ్చు. ఆకు పచ్చగా ఉండి రిబ్బన్‌లా మెలితిరిగితే ఆస్టిన్ వైపు కొండల్లో పెరిగే రూపికోలా అనే ఇంకో యుక్కా. పాలిడా, రూపికోలాల హద్దులు కలిసేచోట సంకరాలూ పుడతాయి, కాబట్టి కొద్దిపాటి మెలిక చూసి కంగారుపడకండి.

ఒక్క మాట, పూత మీద పురుగుమందు దయచేసి కొట్టకండి. రాత్రిపూట వచ్చే చిన్న తెల్ల చిమ్మెట పుప్పొడిని ఉండచేసి తెచ్చి, గుడ్లు పెట్టిన పువ్వులోనే అద్దుతుంది. దాని పిల్లలు కొన్ని గింజలు తింటాయి, మిగతావి మొక్కకి. ఆ చిమ్మెట లేకపోతే కాయే పట్టదు.