‘ఏ’ అక్షరం దాటని అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. అమెరికాలో ఎమ్మెస్ చదవడానికి రాసే జీఆర్‌ఈ పరీక్ష కోసం నాలుగు నెలలుగా ఇంగ్లిష్ పదాలు బట్టీ పడుతున్నా ఇంకా ‘ఏ’ అక్షరం దాటలేదు. అబేట్, అబెట్, అబట్‌లలో ఏది అడిగినా ఇంకోదాని అర్థం చెబుతోంది. అమెరికాలో ఉన్న మా బావమరిది 2006లో వేల పదాలు కంఠస్థం చేసే వెళ్ళాడు. రోజూ రాత్రి భోజనాల దగ్గర నేనే పది పదాలు అడుగుతున్నా లాభం లేదు. జ్ఞాపకశక్తి లోపమా? ఎమ్మెస్ ఆలోచన మానిపించి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు రాసే ఎస్ఎస్‌సీ సీజీఎల్ పరీక్ష కోచింగ్‌లో చేర్పించమంటారా? రెంటిలో ఏది నయం?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ అమ్మాయి జ్ఞాపకశక్తికి ఏమీ కాలేదండీ. ముందు ఆ భయం వదిలేయండి. ఇదే ప్రశ్న ఊరు మారి, పేరు మారి ఏటా నా దగ్గరికి వస్తూనే ఉంటుంది. లోపం పిల్లలో లేదు, ఆమె చేతికిచ్చిన జాబితాలో ఉంది.

మాట నాలుక చివరే ఉండి బయటికి రాకపోవడం మనందరికీ అనుభవమే. 1966లో రోజర్ బ్రౌన్, డేవిడ్ మెక్‌నీల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించి చూశారు. మాట గుర్తుకు రాకపోయినా దాని మొదటి అక్షరం చాలాసార్లు తడుతుందని తేలింది. అంటే మాటను వెతుక్కోవడానికి మనసుకున్న మంచి ఆనవాలు మొదటి అక్షరం. మీ అమ్మాయి జాబితాలో మాటలన్నిటికీ ఆ ఆనవాలు ఒకటే. ఊరంతా ఒకే ఇంటిపేరైతే, ఇంటిపేరు చెప్పి మనిషిని వెతకగలమా? పైగా అవి నాలుగైదు అక్షరాల పొట్టి మాటలు, పట్టుకోవడానికి ఇంకో కొస దొరకదు. అక్షరక్రమం నిఘంటువులో వెతుక్కోవడానికి పనికొస్తుంది. నేర్చుకోవడానికి పనికిరాదు.

ఆ మూడు మాటలనూ తెలుగులో రాయమనండి. ఇంగ్లిష్‌లో కలిసిపోయేవి గుణింతంలో విడిపోతాయి. ‘బ’కు ఏత్వమిస్తే అబేట్, ఎత్వమిస్తే అబెట్, ఒట్టి తలకట్టైతే అబట్. ఆ తర్వాత ఒక్కోదానికీ ఒక చోటు చూపించాలి. భద్రాచలం మీకు దగ్గరే కదా. గోదావరి 53 అడుగులకు చేరి మూడో ప్రమాద హెచ్చరిక వచ్చాక, ఎప్పుడో తెల్లవారి ‘వరద తగ్గుముఖం’ అని పేపర్లో చదివి ఊపిరి పీల్చుకుంటారు చూడండి, ఆ తగ్గుముఖమే అబేట్. గాలివానకు, నొప్పికి, కోపానికి కూడా అదే మాట. అబెట్ పోలీసు వార్తల్లో దొరుకుతుంది. తప్పు చేసేవాణ్ణి ఉసిగొల్పడం, వాడికి తోడ్పడటం అని అర్థం. భారతీయ న్యాయ సంహిత 108వ సెక్షన్ ఆత్మహత్యకు ప్రేరేపించడం గురించి చెబుతుంది, ఆ నేరం పేరులో ఉన్నది ఈ మాటే. ఇక అబట్ మీ బీరువాలోనే ఉంది. పొలం దస్తావేజులో హద్దులు రాసినచోట చూడండి. పక్క పొలాన్నో రోడ్డునో ఆనుకుని ఉండటమే అబట్. అయితే మూడూ ఒకే రోజు వద్దు. ఒకటి బాగా కుదురుకున్నాక, వారం ఆగి రెండోది. మధ్యలో వేరే అక్షరాల మాటలు నేర్చుకోనివ్వండి.

మీ బావమరిది చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆయన రాసిన పరీక్ష ఇప్పుడు లేదు. ముందూ వెనకా వాక్యం లేకుండా విడి పదానికి వ్యతిరేక పదం అడిగే ప్రశ్నలను 2011 ఆగస్టులోనే తీసేశారు. 2023 సెప్టెంబరు నుంచి ఇంగ్లిష్‌ను పరీక్షించే వెర్బల్ భాగంలో 27 ప్రశ్నలే, 41 నిమిషాలే. ఖాళీలో ఏ మాట పడుతుందో చాలాసార్లు ఆ వాక్యంలోని ‘అయినా’, ‘కాబట్టి’ లాంటి చిన్న మాటలే చెప్పేస్తాయి. రోజుకో మంచి వ్యాసం నెమ్మదిగా చదివే పిల్లకు అది అలవాటవుతుంది.

అసలు ఆమె చేరాలనుకున్న కోర్సుకు జీఆర్‌ఈ అడుగుతున్నారో లేదో చూశారా? చాలా అమెరికా యూనివర్సిటీలు ఎన్నో కోర్సులకు అడగడం మానేశాయి. నాలుగు నెలలు ఏడిపించే ముందు చూడాల్సిన సంగతి ఇది. ఎమ్మెస్ మీద నాకు ఇంతకన్నా పెద్ద సందేహం ఉంది. వీధిలో నలుగురి పిల్లలు వెళ్ళారని ఇల్లు తాకట్టు పెట్టి పంపేవాళ్ళను చూస్తుంటే నాకు భయమేస్తుంది. చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ అనుమతి ఒక ఏడాది, ఇంజినీరింగ్ లాంటి కోర్సులైతే ఇంకో రెండేళ్ళు. ఆ తర్వాత కంపెనీ హెచ్‌1బీ అనే ఉద్యోగ వీసాకు దరఖాస్తు పెట్టాలి, ఆ వీసాల పరిమితి ఏటా 85 వేలు. మూడేళ్ళలో వీసా రాకపోతే అప్పు ఎవరు, ఏ జీతంతో తీరుస్తారో కాగితం మీద రాసుకోండి. ఆ లెక్క కుదిరితే నిశ్చింతగా పంపండి.

రెంటిలో ఏది నయమని అడిగారు. సీజీఎల్‌లో పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు ఇప్పటికీ విడివిడిగా అడుగుతారు. పదాలకు భయపడి అటు వెళ్తే, వదిలించుకోవాలనుకున్న పదాలే ఎదురొస్తాయి. అంతకు మించి పోల్చడానికి నా దగ్గర ఆధారం లేదు. ఎందుకంటే మీరు బావమరిది గురించి రాశారు, మీ గురించి రాశారు, అమ్మాయికి ఏం కావాలో మాత్రం ఒక్క వాక్యమైనా రాయలేదు. కటువుగా అంటున్నానని అనుకోకండి. అన్నం ముద్ద నోట్లో పెట్టుకునే వేళ పదిమందిలో అర్థం అడిగితే, వచ్చిన మాట కూడా మరిచిపోతుందండీ. భోజనాల దగ్గర ఆ పరీక్ష ఈ రాత్రి నుంచే మానేయండి. తిన్నాక తీరిగ్గా ఆమె పక్కన కూర్చుని, ‘నీకు ఏం చదవాలనుందమ్మా?’ అని అడగండి. ఆమె చెప్పింది చెప్పినట్టు నాకు రాయండి, అప్పుడు పోలుద్దాం.