అమ్మాయిని రోబో టీమ్‌లో చేర్చాలా?

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడేళ్లు. బడిలో రోబోటిక్స్ లేదు. మా వీధి పిల్లలు ‘ఫస్ట్ లెగో లీగ్’ అనే పిల్లల రోబో పోటీకి టీమ్ కడుతుంటే చేరతానంటోంది. కోడింగ్ రాదు. పంపమంటారా?
– ఓ తల్లి, అమలాపురం

జవాబు: పంపండమ్మా. దీనికి బడి తరఫునే వెళ్లాలనేం లేదు. ఇరుగుపొరుగు పిల్లలు కలిసినా టీమే, పదిమంది దాకా ఉండొచ్చు. కోడింగ్ చేరాక వస్తుంది. పిల్లలు తయారుచేసిన రోబో బల్ల మీద పనులు చేసి చూపే ఆట రెండున్నర నిమిషాలే. ఆ ఏటి అంశం మీద ప్రాజెక్టు కూడా చేసి జడ్జీలకు చెప్పాలి, మాటకారి పిల్లలకు అక్కడ బోలెడు పని. రోబో తయారుచేసే కిట్ మాత్రం ఖరీదు. ఎవరి వాటా ఎంతో మొహమాటపడకుండా ముందే అడగండి. రావులపాలెంలో మా మనవడి టీమ్‌కి మోటారు పాడైతే, ఎవరు కొనాలో తేలక రెండు ఆదివారాలు పోయాయి. పిల్లలు కాదు, పెద్దవాళ్లే పోట్లాడుకున్నారు!