డల్లాస్‌కి టికెట్ తీసే ముందు

పద్మకి,

విశాఖపట్నం నుంచి డల్లాస్ 14,400 కిలోమీటర్లు, పదహారు గంటల ప్రయాణం అని మీ అల్లుడు చెప్పాడన్నావు. లెక్క తప్పు కాదు. కాకపోతే అది గ్లోబు మీద దారం పెట్టి కొలిచిన దూరం. మన ఊరు 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డల్లాస్ 97 డిగ్రీల పడమర మీద. రెండూ కలిపితే 180, అంటే గ్లోబుకి సరిగ్గా అవతలి వైపు. అందుకే ఆ దారం ఇంచుమించు ఉత్తర ధ్రువం మీంచే పోతుంది. నాకైతే చాలా సరదాగా అనిపించింది కానీ, ఆ దారిన మనల్ని నేరుగా తీసుకెళ్ళే విమానం లేదు.

హైదరాబాద్, దుబాయ్ మీదుగా వెళ్తే దూరం 16,000 దాకా అవుతుంది. హైదరాబాద్‌కి గంటంబావు, దుబాయ్‌కి నాలుగు గంటలు, అక్కణ్ణుంచి డల్లాస్‌కి పదహారు పైచిలుకు. మధ్యలో కూర్చునే టైము, ముందుగా వెళ్ళాల్సిన టైము కలిపి, మీ గుమ్మం నుంచి వాళ్ళ గుమ్మానికి ముప్ఫై గంటలనుకో.

టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. వేసవిలో దుబాయ్‌లో తెల్లవారుజామున రెండున్నరకి ఎక్కితే, డల్లాస్‌లో అదే రోజు ఉదయం పదింటికి దిగినట్టు కనిపిస్తుంది. ఏడున్నర గంటలేనా అని మురిసిపోకు, రెండు ఊళ్ళకీ తొమ్మిది గంటల తేడా. వచ్చేటప్పుడు పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి డల్లాస్ నుంచి దుబాయ్‌కి గంటో గంటన్నరో తక్కువ పడుతుంది. తేదీ మాత్రం ఒకటి ముందుకి జరుగుతుంది.

ఇక ముఖ్యమైనది. నాలుగైదు వేలు మిగులుతాయని హైదరాబాద్ దాకా వేరే టికెట్ తీయనివ్వకు. దేశం లోపలి టికెట్‌కి మామూలుగా 15 కిలోలే. అమెరికా టికెట్‌కి చాలావరకు 23 కిలోల పెట్టెలు రెండు ఇస్తారు. నీ ఆవకాయ, మాడుగుల హల్వా, బాలింతకి కాయం సామాను కలిపితే ఆ మిగిలిన డబ్బు వైజాగ్ కౌంటర్లోనే కట్టేస్తావు. పైగా మొదటి విమానం లేటై రెండోది తప్పిపోతే నిన్ను పట్టించుకునేవాళ్ళుండరు. అంతా ఒకే టికెట్ అయితే తర్వాతి విమానం ఎక్కించే పూచీ విమాన కంపెనీ వాళ్ళది. దుబాయ్‌లో మూడు నాలుగు గంటలు ఉండేలా చూడమను. గంటన్నర ఉన్నది చవగ్గా దొరికినా వద్దు.

ఇంకోటి, అమెరికాలో మొదట దిగేది డల్లాసే కావాలి. షికాగోలోనో నెవార్క్‌లోనో దిగితే ఇమిగ్రేషన్ అక్కడే. పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్ళీ అప్పజెప్పి ఇంకో విమానం వెతుక్కోవాలి. ఒంటరిగా నీకెందుకా టెన్షన్?

మోకాళ్ళ నొప్పులున్నదానివి, వీల్‌చెయిర్‌కి మొహమాటపడకు. టికెట్ తీసేటప్పుడే అడగమను. బీపీ మాత్రలు, మందుల చీటీ చేతిసంచిలోనే పెట్టుకో. అక్కడికీ మనకీ వేసవిలో పదిన్నర గంటల తేడా, చలికాలంలో పదకొండున్నర. పొద్దున వేసుకునే మాత్ర ఎప్పటికి మార్చాలో బయలుదేరే ముందే డాక్టర్ని అడుగు.

డబ్బు కట్టే ముందు అల్లుడు చూసిన టికెట్ నాకు వాట్సాప్‌లో పెట్టు, ఆగే టైములు చూసి చెప్తాను.

మీ అక్క