సైనోటైప్ టోనింగ్: తెలుపు పసుపెక్కుతోంది, నలుపు తేలిపోతోంది, ఎందుకు?

సైనోటైప్ అంటే ఇనుప లవణాలు పూసిన కాగితానికి ఎండ చూపించి తీసే నీలం ఫోటో ప్రింటు. ఆ నీలాన్ని సోడాలో తేలిక చేసి (బ్లీచ్), టీ లాంటి ద్రావణంలో (టోనర్) నల్లగా మార్చడం టోనింగ్. చాకలి సోడాలో బ్లీచ్ చేసి టీ డికాక్షన్‌లో వేస్తే తెల్ల భాగాలు పసుపెక్కాయని, నలుపులో లోతు రాలేదని అడిగారు. ఈ రెండింటికీ కారణాలు వేరు.

పసుపుకి చాలాసార్లు కారణం టీ కాదు, కాగితంలో మిగిలిపోయిన ఇనుము. వెలుతురు తగలని చోట, కాగితానికి పూసిన ఇనుప లవణం (ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్) పూర్తిగా కడుక్కుపోవాలి. కాస్త మిగిలినా టీలోని వగరు పదార్థమైన టానిన్‌తో కలిసి మరకవుతుంది. క్షారగుణం ఉన్న బోరు నీళ్లలో కడిగితే ఇనుము కరగకుండా పీచులోనే దిగబడిపోతుంది. అందుకే మొదటి కడుగు లీటరు ఆర్‌వో నీళ్లలో 2 గ్రాముల నిమ్మ ఉప్పు వేసి 5 నిమిషాలు, ఆ తర్వాత మంచి నీళ్లు మారుస్తూ 20 నిమిషాలు చేయండి.

మీ విషయంలో తప్పెక్కడో తేల్చుకోవాలంటే అదే కాగితంలోంచి రెండు పట్టీలు కోయండి. ఒకటి ఖాళీది. రెండోదానికి సైనోటైప్ ద్రావణం పూసి, చీకట్లో ఆరబెట్టి, ఎండ చూపకుండానే కడిగేయండి. రెండింటినీ అరగంట టోనర్‌లో ఉంచండి. రెండూ ఒకేలా రంగు పట్టాయంటే టీ చిక్కనైంది, లేదా ఆ కాగితం టానిన్‌ని పీల్చేస్తోంది. పూసిన పట్టీ ఒక్కటే ముదిరిందంటే కడగడం చాలలేదు. ఈ పరీక్ష చేయకుండా టీ పొడి మార్చుకుంటూ పోవడం దండగ.

బ్లీచ్‌కీ టోనర్‌కీ మధ్య కనీసం 5 నిమిషాలు కడగాలి. ప్రింటుతో పాటు సోడా టోనర్‌లోకి వెళ్తే టానిన్ త్వరగా ఆక్సీకరణ చెంది, నీళ్లు నల్లబడి, కాగితమంతా మరకవుతుంది.

ఇక నలుపు. టోనింగ్ కొత్తగా ఇనుమును తేదు, ఉన్నదాన్నే రంగు మారుస్తుంది. నీలం పలచగా ఉంటే నలుపూ పలచనే. కాబట్టి మామూలు ప్రింటుకన్నా ఎక్కువ ఎండ చూపండి. నీడ భాగాలు (ప్రింటులో ముదురుగా రావాల్సినవి) ఉక్కు బూడిద రంగుకి తిరిగే దాకా ఉంచాలి. కడిగాక ఒక రోజు ఆరనిచ్చి అప్పుడు టోన్ చేయండి. సోడా లీటరుకి 5 గ్రాములు మించొద్దు. సోడాలో ముందు లేత భాగాలు పసుపవుతాయి, నీడలు చివరన మారతాయి. నీడల్లో ఇంకా నీలం ఉండగానే తీసేయండి. నీళ్లలో వేశాక కూడా కొన్ని క్షణాలు బ్లీచ్ సాగుతుంది. నీలాన్ని పూర్తిగా పోగొడితే లేత భాగాల్లో వివరాలు మళ్లీ రావు.

నల్లటి నలుపు కావాలంటే టీకన్నా కరక్కాయ నాకు నచ్చుతుంది. టీ గోధుమ వైపు లాగుతుంది. కరక్కాయ టానిన్ ఇనుముతో నీలి నలుపునిస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుము, బెల్లం ఊరిన నీళ్లతో గీసిన గీత నల్లబడేది ఈ రసాయనం వల్లే. 20 గ్రాముల పొడిని లీటరు నీళ్లలో 10 నిమిషాలు మరిగించి, పలుచటి గుడ్డలో వడకట్టి, పూర్తిగా చల్లారాక వాడండి. వేడిగా వాడితే తెలుపు పాడవుతుంది. ట్రే కదుపుతూ 20 నిమిషాలు చాలు. ఆరాక ఇంకాస్త ముదురుతుంది కనుక తడిలో కొంచెం లేతగా అనిపించినప్పుడే తీయాలి.