బానెట్ కింద దీపం: పాత కారుకు ఎలా అమర్చుకోవాలి?

ప్రశ్న: నాది 2005 నాటి మారుతి 800. ఇప్పటికీ బాగానే నడుస్తోంది. ఈమధ్య ఒక రాత్రి ప్రయాణంలో రేడియేటర్ గొట్టం జారి ఇంజిన్ వేడెక్కింది. ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో చేత్తో క్లిప్పు బిగించలేక చాలా అవస్థపడ్డాను. బానెట్ ఎత్తగానే దానంతట అదే వెలిగే లైటు పెట్టుకోవాలని షోకేసులకు వాడే ఎల్‌ఈడీ పట్టీ కొన్నాను. దాన్ని నేరుగా బ్యాటరీకి కలపవచ్చా? (ఒంగోలు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: కలపకండి. మీ ఆలోచన మంచిదే, ఖర్చు కూడా తక్కువే. కానీ మీరు కొన్న పట్టీ ఈ పనికి తగినది కాదు, నేరుగా కలపడం అంతకన్నా ప్రమాదం.

ముందు పట్టీ సంగతి చూద్దాం. షోకేసు పట్టీ మీద 12 వోల్టులని రాసి ఉంటుంది, కారు బ్యాటరీ కూడా 12 వోల్టులదే కదా అనిపిస్తుంది. నిజానికి నిండా ఛార్జయిన బ్యాటరీ ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ దాన్ని 14 వోల్టులు దాటిస్తుంది. పట్టీలో మూడేసి ఎల్‌ఈడీలను వరుసగా కలిపి, వాటికి కరెంటును తగ్గించే ఒక చిన్న రెసిస్టర్ జోడిస్తారు. తెల్లని ఎల్‌ఈడీ ఒక్కోటి మూడు వోల్టులకు కాస్త పైన తీసుకుంటుంది కాబట్టి, మూడింటికి కలిపి తొమ్మిదిన్నర వోల్టుల వరకూ పోతాయి. మిగిలిన రెండున్నర వోల్టులను రెసిస్టర్ భరిస్తుంది. వోల్టేజి 14.4కు చేరితే పెరిగిన భారంలో ఎక్కువ భాగం ఆ రెసిస్టర్ మీదే పడుతుంది. అప్పుడు ఎల్‌ఈడీల గుండా పోయే కరెంటు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. దానికి ఇంజిన్ వేడి తోడైతే పట్టీ నెలల్లోనే నల్లబడి, ముక్కలు ముక్కలుగా ఆరిపోతుంది. పట్టీ వెనుక జిగురు కూడా ఆ వేడికి నిలవదు. అది ఊడి ఫ్యాన్‌లో పడితే ఎంత నష్టమో చెప్పనవసరం లేదు.

లారీలకు, ట్రాక్టర్లకు అమ్మే చిన్న ఎల్‌ఈడీ లైటు తీసుకోండి. దాని మీద 10-30 వోల్టులని ఉండాలి. అలాంటి లైటు లోపల కరెంటును అదుపులో పెట్టే సర్క్యూట్ ఉంటుంది, వోల్టేజి ఎటు ఊగినా ఒకేలా వెలుగుతుంది. నీరు చొరబడని రకం అయి ఉండాలి, స్క్రూలతో బిగించే వీలుండాలి. నాలుగైదు వాట్లు మీ చిన్న ఇంజిన్‌కు ధారాళంగా సరిపోతాయి.

రంగు విషయంలో నాకు పట్టుదల ఉంది. నీలం, ఎరుపు లైట్లు చూడటానికి ముచ్చటగా ఉంటాయని కొందరు పెట్టుకుంటారు. కానీ ఎర్రటి వెలుగులో ఎర్ర తీగ, తెల్ల తీగ ఒకేలా కనిపిస్తాయి. కారుతున్నది ఆయిలో, కూలెంటో, వట్టి నీరో రంగును బట్టే కదా పోల్చుకుంటాం! మామూలు తెలుపు తీసుకోండి. కళ్లు చెదిరే నీలి తెలుపు కాకుండా 4000 నుంచి 5000 కెల్విన్ (వెలుగు రంగును చెప్పే కొలత) మధ్య రకం దొరికితే మరీ మంచిది.

ఇక ఫ్యూజు. మీ ఉత్తరంలో దాని ఊసే లేకపోవడం నన్ను కలవరపెట్టింది. కారు బ్యాటరీ షార్ట్ అయితే వందల ఆంపియర్లు కుమ్మరిస్తుంది. సన్నని తీగ క్షణాల్లో ఎర్రగా కాలి, పక్కనున్న తీగలను, ప్లాస్టిక్‌ను అంటిస్తుంది. మా బంధువుల పాత వ్యానులో జరిగింది అదే. ఎవరో మెకానిక్ ఫ్యూజు లేకుండా లైటు పెట్టాడు. బానెట్ కీలు దగ్గర ఎత్తినప్పుడల్లా తీగ ఒరుసుకుని, పైతొడుగు అరిగిపోయి, ఒకరోజు పొగ లేచింది. పగటిపూట ఇంటి ముందు జరిగింది కాబట్టి బయటపడ్డారు. మీ లైటు తీసుకునేది అర ఆంపియర్ కూడా ఉండదు. 2 లేదా 3 ఆంపియర్ల ఫ్యూజు చాలు. దాన్ని బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరం లోపే పెట్టాలి. ఫ్యూజు కాపాడేది లైటును కాదు, తన తర్వాత ఉన్న తీగను. లైటు పక్కన పెడితే బ్యాటరీ నుంచి అక్కడి వరకూ ఉన్న తీగకు ఏ రక్షణా ఉండదు.

ఇళ్లలో వాడే ఒంటి రాగి తీగ వద్దు, ఇంజిన్ అదురుకు అది లోలోపలే విరిగిపోతుంది. వాహనాలకు వాడే చాలా పోగుల తీగ, 0.75 చదరపు మిల్లీమీటర్లది తీసుకోండి. దాన్ని ముడతల ప్లాస్టిక్ గొట్టంలో పంపి, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు (ఇంజిన్ నుంచి పొగ బయటికి వచ్చే వేడి గొట్టాలకు), బెల్టుకు, ఫ్యాన్‌కు దూరంగా కట్టండి. కీలు దగ్గర మాత్రం బిగుతుగా లాగకుండా కాస్త వదులు విడిచి, బానెట్ పూర్తిగా ఎత్తి, దించి, తీగ ఎక్కడా నలగడం లేదని కళ్లారా చూసుకోండి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి, అంతా అయ్యాక దాన్నే చివరగా బిగించండి.

దానంతట అదే వెలగాలంటే మీ కారు తలుపు దగ్గరున్న స్ప్రింగు పిన్ను స్విచ్ లాంటిదే వాడుకోవచ్చు. నొక్కి ఉంటే ఆరుతుంది, వదిలితే వెలుగుతుంది. పాత కార్ల విడిభాగాల దుకాణాల్లో తేలిగ్గా దొరుకుతుంది. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు, అక్కడి నుంచి లైటు, లైటు మైనస్ నుంచి పిన్ను స్విచ్, ఆ స్విచ్ ఒళ్లు కారు బాడీకి తగిలి ఎర్త్ అవుతుంది, అంటే బాడీ గుండా బ్యాటరీ మైనస్‌కు కలుస్తుంది. బానెట్ అంచు దించినప్పుడు పిన్నును పూర్తిగా నొక్కే చోటు చూసి అమర్చండి. స్విచ్ తగిలే చోట పెయింటు గీకి, బిగించాక తుప్పు పట్టకుండా చుట్టూ కొంచెం గ్రీజు రాయండి. పిన్ను మీద రబ్బరు టోపీ ఉండాలి, లేకపోతే కారు కడిగిన నీళ్లకు అది బిగుసుకుపోతుంది.

పిన్ను పైనే బిగుసుకుపోయి, బానెట్ మూశాక కూడా లైటు వెలుగుతూనే ఉంటే మీకు తెలిసే దారి లేదు. మారుతి 800లో సాధారణంగా ఉండేది 35 ఆంపియర్-అవర్ల చిన్న బ్యాటరీ. 5 వాట్ల లైటు రోజుకు పది ఆంపియర్-అవర్ల దాకా తాగేస్తుంది. రెండు రోజులు కారు తీయకపోతే మూడోనాటి ఉదయం సెల్ఫ్ తిరగడం కష్టమే. పైగా లెడ్ యాసిడ్ బ్యాటరీని అంతగా ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది. అందుకే పిన్ను స్విచ్‌తో పాటు అదే వరుసలో చేత్తో వేసే చిన్న స్విచ్ ఒకటి పెట్టమంటాను. షెడ్డులో బానెట్ ఎత్తి రోజంతా పని చేసేటప్పుడు కూడా అది ఉపయోగపడుతుంది.

లైటు ఆరుతోందో లేదో చూడటానికి తేలికైన ఉపాయం ఉంది. ఇంజిన్ ఆపి, చల్లబడ్డాక, ఫోనులో వీడియో రికార్డింగ్ మొదలుపెట్టి, బానెట్ కింద నలగని చోట పెట్టి మూసేయండి. పది సెకన్ల తర్వాత తీసి చూస్తే మొత్తం తెలిసిపోతుంది. మల్టీమీటర్ ఉంటే ఇంకా కచ్చితంగా చూడవచ్చు. బ్యాటరీ మైనస్ తీసి, ఆ తీగకూ బ్యాటరీకీ మధ్య మీటరును 10 ఆంపియర్ల అమరికలో కలపండి. పిన్నును వేలితో నొక్కి పట్టి, మిగతావన్నీ ఆపి ఉన్నప్పుడు 50 మిల్లీ ఆంపియర్ల లోపు చూపిస్తే నిశ్చింత. మీటరు కలిపి ఉండగా మాత్రం సెల్ఫ్ కొట్టకండి, దాని ఫ్యూజు పోతుంది.

ప్రశ్న: మా కారుకు సీఎన్‌జీ కిట్ ఉంది. నేనూ బానెట్ లైటు పెట్టుకోవచ్చా?

జవాబు: మీకు నా సలహా, వద్దు. సీఎన్‌జీ గాలికన్నా తేలిక. ఎక్కడైనా లీకైతే పైకి లేచి బానెట్ కిందే నిలుస్తుంది. సరిగ్గా బానెట్ ఎత్తే క్షణంలో పిన్ను స్విచ్ కలిసి చిన్న నిప్పురవ్వ పుడుతుంది. గాజు గొట్టంలో మూసి ఉండే అయస్కాంత స్విచ్‌లు ఉన్నాయి, వాటితో ఈ ప్రమాదం తగ్గుతుంది. అయినా తర్వాత ఎవరో మెకానిక్ దాన్ని మామూలు స్విచ్‌తో మార్చేయవచ్చు. అయస్కాంతంతో అతుక్కునే రీఛార్జబుల్ లైటు ఒకటి కొనుక్కుని, బానెట్ ఎత్తక ముందే వెలిగించి దగ్గరికి తీసుకెళ్లండి. దాన్ని ఇంజిన్ దగ్గర గానీ ఎండ తగిలే డ్యాష్‌బోర్డు మీద గానీ వదలకండి, లోపలి లిథియం బ్యాటరీకి వేడి పడదు. సీటు కింద ఉంచండి. గ్యాసు వాసన వస్తే ఏ లైటూ వేయకుండా సిలిండర్ వాల్వు కట్టేసి దూరంగా జరగండి.

ప్రశ్న: మా తాతగారి నాటి జీపుకు 6 వోల్టుల బ్యాటరీ ఉంది. 12 వోల్టుల ఎల్‌ఈడీ పట్టీ కలిపితే అసలు వెలగలేదు. పట్టీ పాడైందా?

జవాబు: పట్టీ బాగానే ఉండి ఉంటుంది. మూడు ఎల్‌ఈడీలు వరుసగా వెలగాలంటే తొమ్మిది వోల్టులైనా కావాలి, మీ బ్యాటరీ ఇచ్చేది ఆరే. పాత మోటార్ సైకిళ్లకు వాడే 6 వోల్టుల మామూలు బల్బు, హోల్డర్ తెచ్చి పెట్టుకోండి. దానికి ప్లస్, మైనస్ పట్టింపు లేదు. ఎల్‌ఈడీయే కావాలంటే 6 వోల్టులకు చేసినదే తెచ్చుకోండి. కలిపే ముందు మీ బండిలో బాడీకి వెళ్తున్న తీగ బ్యాటరీ మైనస్ నుంచి వస్తోందో, ప్లస్ నుంచి వస్తోందో చూడండి. ఆ కాలపు బ్రిటిష్ బండ్లలో చాలా వాటికి ప్లస్సే ఎర్త్. అలాంటి బండి అయితే ఫ్యూజును మైనస్ వైపు తీగకు పెట్టి, ఎల్‌ఈడీ ప్లస్ తీగను బాడీ వైపు కలపాలి.