ఏటి ఒడ్డున నాటేముందు

చిరంజీవి మనవడికి, తాతయ్య ఆశీస్సులు.

గోదారి ఒడ్డున చెట్లు నాటండంటూ నువ్వు రాసి పంపిన కవిత మూడుసార్లు చదివాను. బాగుంది. అయితే అందులో 'చెట్టు' పదకొండుసార్లు వచ్చింది గానీ, ఏ చెట్టో ఒక్కచోటా లేదు. నేనూ ఇలాగే రాసి దెబ్బతిన్నాను కాబట్టి చెప్తున్నా.

1986 జూలైలో వనమహోత్సవమని గోదారి మధ్య లంక ఒడ్డున మొక్కలు నాటించి, పక్కన నిలబడి పద్యం చదివాను. ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర వరద 35 లక్షల క్యూసెక్కులు దాటింది. నీళ్లు తీశాక వెళ్లి చూస్తే, మొక్కలు సరే, నాటిన నేలే లేదు.

అందుకని వరదలు తగ్గి, ఒండ్రు ఆరాక మొదలెట్టు. రెండు వేసవులు నీళ్లు మొయ్యాలి. అందుకు ఒప్పుకునేవాళ్లు నలుగురుంటే నలభై మొక్కలు చాలు.

నీటి అంచున చెట్టు వద్దు. అక్కడ వట్టివేరు పిలకలు దగ్గర దగ్గరగా వరసలో గుచ్చు. వేళ్లు రెండు మూడు మీటర్లు నిట్టనిలువుగా దిగి మట్టిని పట్టేస్తాయి. దాని వెనక ఏరుమద్ది. ఏరు పేరు ఊరికే పెట్టారా? కొన్నాళ్లు నీళ్లలో నిలబడ్డా తట్టుకుంటుంది. ఆ పైన కానుగ, నేరేడు. కానుగ కాయలు వేసవిలో ఏరి, గింజలు తీసి నారు పోసుకుంటే పైసా ఖర్చుండదు. మిగతావి కడియం నర్సరీల్లో దొరుకుతాయి. అక్కడ అందంగా కనబడిందల్లా ఎత్తుకురాకు!

ఏటిగట్టు మీద మాత్రం నాటొద్దు. పెద్ద చెట్టు చచ్చి వేరు కుళ్లితే, ఆ బొరియలోంచే వరద నీరు దారి చేసుకుంటుంది. గట్టుకీ నీళ్లకీ మధ్య జాగా ఎవరిదో ముందు వీఆర్వోనీ, ఇరిగేషన్ వాళ్లనీ అడుగు.

మొక్కతో వచ్చే నల్ల కవరు సంగతి మరిచిపోకు. పోయినేడు మా వీధి చివర ఎండిన మొక్కని పీకితే కవరుతో సహా వచ్చింది. వేళ్లు లోపలే చుట్టలు చుట్టుకున్నాయి, పాపం. బ్లేడుతో నిలువునా కోసి, మట్టిగడ్డ చెదరకుండా రెండు చేతులా పట్టి దించాలి. మేకలకి కవిత్వం తెలీదు, చుట్టూ తుమ్మకంప కట్టు.

కవిత తిప్పి పంపుతున్నాను. నాలుగో పాదంలో 'పచ్చని చెట్టు' కొట్టేసి 'ఏరుమద్ది' అని రాశాను. లయ కొంచెం కుంటింది, నువ్వే సరిచేసుకో.

తాతయ్య