కస్టమర్ ఫారంలోనే కాగితాలు కనబడాలంటే

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ట్రాక్టర్ల షోరూంలో చేస్తున్నాను. ఊళ్లో రైతుల పట్టాలు ఒడియాలో, పాతపట్నం వైపు వాళ్ల పాసుపుస్తకాలు తెలుగులో ఉంటాయి. స్కాన్ చేసినవన్నీ షేర్‌పాయింట్‌లో (ఫైళ్లు దాచుకునే మైక్రోసాఫ్ట్ సైట్), కస్టమర్ వివరాలేమో డైనమిక్స్ 365లో (కస్టమర్ రికార్డులు పెట్టే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్). అటూ ఇటూ తిరగలేక టెన్షన్. డైనమిక్స్ ఫారంలో షేర్‌పాయింట్ కోసం ఐఫ్రేమ్ (ఒక పేజీలో ఇంకో పేజీని చూపించే చోటు) పెడితే ఖాళీ డబ్బా వస్తోంది. ఏం చేయాలి సార్?

జవాబు: ఆ ఐఫ్రేమ్ తీసేయమ్మా. పరాయి సైట్ లోపల తన పేజీ తెరుచుకోవడానికి షేర్‌పాయింట్ మామూలుగా ఒప్పుకోదు. మీ అడ్మిన్‌తో డైనమిక్స్‌లో ముందు షేర్‌పాయింట్ ఇంటిగ్రేషన్ (రెండింటినీ కలిపే సెట్టింగ్), తర్వాత కస్టమర్ రికార్డులుండే టేబుల్‌కి డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్ ఆన్ చేయించండి. అప్పుడు కస్టమర్ రికార్డులో ‘రిలేటెడ్’ కింద ‘డాక్యుమెంట్స్’ వస్తుంది. అది ఫారం మీదే కావాలంటే మెయిన్ ఫారంలో సబ్‌గ్రిడ్ (ఫారం లోపలే జాబితా చూపించే భాగం) పెట్టి, సంబంధిత రికార్డుల్లో డాక్యుమెంట్స్ ఎంచుకుని పబ్లిష్ చేయాలి. కొత్త రైతు రికార్డు సేవ్ చేయకముందే ఫైళ్లు పెట్టబోతే కుదరదు.

అసలు చిక్కు వేరే ఉంది, చాలామంది అడగరు. డైనమిక్స్‌లో ఒకరికి రికార్డు కనబడకుండా చేసినంత మాత్రాన ఫైళ్లు దాగవు. షేర్‌పాయింట్ అనుమతులు దానివి దానికే. లైబ్రరీ అందరికీ తెరిచి ఉంటే రైతుల ఆధార్ కాపీలు కొత్తగా చేరిన కుర్రాడు కూడా నేరుగా వెళ్లి చూడగలడు. ఇది నాకైతే సబ్‌గ్రిడ్ కన్నా ముందు తేల్చుకోవాల్సిన పని. అన్నట్టు, కస్టమర్ రికార్డు తొలగించినా షేర్‌పాయింట్‌లో ఫోల్డర్ అలాగే ఉంటుంది; దాన్ని విడిగా తీసేయాలి.